ఎండ లెక్క రాసుకునే సీసా

“మా ఎండలకు మనుషులే సొమ్మసిల్లుతారు. ఏఎన్‌ఎం స్కూటర్ మీద తెచ్చే ఆ చిన్న పెట్టెలో టీకా మందు పాడవదా?” అని తాడిపత్రి పాఠకురాలు ఒకరు అడిగారు. పాడవవచ్చు. వేడికి పాడైతే ఆ సంగతి సీసాయే చెబుతుంది.

పోలియో చుక్కల సీసా లేబుల్ మీద ఊదా రంగు వృత్తం, దాని నడుమ తెల్లటి చదరం ఉంటాయి. దీన్ని వీవీఎం (వ్యాక్సిన్ వయల్ మానిటర్) అంటారు. 1996లో పోలియో చుక్కలతోనే మొదలైంది. వేడి తగిలేకొద్దీ చదరం రంగెక్కుతుంది. వృత్తం రంగుతో కలిసిపోయిందంటే ఆ మందు వాడకూడదు.

చదరంలో ఉన్నది డైఎసిటిలీన్ జాతి పదార్థం. వేడికి దాని అణువులు గొలుసులుగా అల్లుకుంటాయి. గొలుసు పొడవునా ఎలక్ట్రాన్లు పరుచుకుని కంటికి కనిపించే కాంతిని పీల్చుకుంటాయి, అందుకే రంగు. ఉష్ణోగ్రత పెరిగితే చర్య వేగం అర్రీనియస్ సమీకరణం ప్రకారం ఘాతాంక రీతిలో పెరుగుతుంది. పోలియో సీసా చదరం 37 డిగ్రీల దగ్గర 2 రోజుల్లో గడువు దాటితే, 5 డిగ్రీల దగ్గర 225 రోజులు పడుతుంది. మందు ఎంత త్వరగా పాడవుతుందో చదరమూ దానికి తగిన వేగంతోనే నల్లబడేలా తయారుచేయడంలో ఉంది నేర్పంతా.

వేరుశనగ పండించే అనంతపురం వాళ్లకు ఇది కొత్త విద్య కాదు. సన్నసెగ మీద చాలాసేపు వేయించినా, పెద్ద మంట మీద కాసేపు వేయించినా, గింజ మొత్తం ఎంత వేడి తిన్నదో దాని రంగే చెబుతుంది. మధ్యలో మూకుడు దించి చల్లార్చినా ఎక్కిన రంగు దిగదు. మళ్లీ పొయ్యెక్కిస్తే ఆగిన చోటి నుంచే వేగుతుంది. సీసా కూడా గోదాములో, లారీలో, పెట్టెలో తిన్న వేడినంతా అలాగే కూడబెట్టుకుంటుంది.

ప్రపంచ టీకా కార్యక్రమంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఆలోచన ఇదే. పూర్వం సీసా తిన్న వేడి చరిత్ర రిజిస్టర్లలో ఉండేది. సీసా చేతులు మారేది, రిజిస్టర్ మాత్రం ఉన్నచోటే ఉండిపోయేది. ఇప్పుడు ఒకే గుర్తును కర్నూలు ఏఎన్‌ఎం, నైజర్ ఆరోగ్య కార్యకర్త ఒకేలా చదువుతారు, భాషతో పని లేదు. గుర్తు ఎక్కడుందన్నదీ సమాచారమే. మూత మీద ఉంటే, తెరిచిన సీసాను కొద్ది గంటల్లోనే పారేయాలి. మూతతో పాటు గుర్తూ పోయింది కదా!

చలి దగ్గర మాత్రం గింజ పోలిక చెల్లదు. గడ్డకట్టడాన్ని చదరం పసిగట్టలేదు. “ఎంత చల్లగా ఉంటే అంత మంచిది” అన్నది చదువుకున్నవాళ్ల మూఢనమ్మకం. ‘అమ్మవారు పోసింది’ అని గుమ్మానికి వేపాకు కట్టేవాళ్లను చూసి నవ్వేవారు దీన్ని మాత్రం ప్రశ్నించరు. పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసేది), హెపటైటిస్-బి టీకాల్లో అల్యూమినియం లవణపు కణాలుంటాయి. గడ్డకడితే అవి ముద్దకడతాయి, కరిగించినా విడివడవు, టీకా బలం తగ్గుతుంది.

టీకా నిల్వలనూ వాటి ఉష్ణోగ్రతనూ ఎలక్ట్రానిక్ పద్ధతిలో కనిపెట్టి చూడడానికి మన దేశంలో 2015లో మొదలైన ఈవిన్ వ్యవస్థలో, ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రత హద్దు దాటితే సెన్సర్ ఫోనుకు సందేశం పంపుతుంది. పెట్టె ఊరికి బయలుదేరాక ఆ కాపలా ఉండదు. అందుకే ఐస్ ప్యాకును ఫ్రీజర్ నుంచి తీయగానే పెట్టెలో సర్దకూడదు. ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించేదాకా బయట ఉంచాలి. అయినా అనుమానం వస్తే షేక్ టెస్ట్ ఉంది. అదే కంపెనీ, అదే బ్యాచ్ సీసా ఒకదాన్ని కావాలనే గడ్డకట్టించి, కరిగించి, అనుమానపు సీసాతో కలిపి ఊపి, రెండింటినీ పక్కపక్కన నిలబెడతారు. చెడగొట్టిన సీసాలో మడ్డి త్వరగా అడుగుకు దిగుతుంది. రెండోది అంతకన్నా మెల్లగా దిగితేనే పిల్లలకు వేయాలి.