చికోరీ కలిసిన ఇన్‌స్టంట్ కాఫీలో పోషకాలు ఎన్ని? పిల్లలకు ఒక ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. మీ ప్రశ్న చదివి చాలా సంతోషించాను. చికోరీ కలిసిన ఇన్‌స్టంట్ కాఫీ పొడికి సంబంధించిన పోషకాల పట్టిక ఒకటి మీ కంటపడిందనీ, అందులో 100 గ్రాముల పొడికి 3,000 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం, వందల మిల్లీగ్రాముల మెగ్నీషియం, సుమారు 9 గ్రాముల ప్రొటీను ఉన్నట్టు చూశారనీ, అలాంటప్పుడు కాఫీని బలాన్నిచ్చే పానీయంగా ఎందుకు లెక్కించకూడదనీ అడిగారు. ఆ అంకెలు అబద్ధం కావు. కానీ అవి వంద గ్రాముల పొడికి వేసిన లెక్కలు. వంద గ్రాముల పొడిని ఒక రోజులో ఎవరూ తాగరు, తాగకూడదు కూడా, ఎందుకంటే అంత పొడిలో ఉండే కెఫీన్ ప్రాణానికే ముప్పు తేగలదు. ఒక కప్పుకు మనం వేసుకునేది చెంచాడు పొడి, అంటే రెండు గ్రాములు. కాబట్టి పట్టికలో కనిపించే ప్రతి అంకెనూ ముందు యాభైతో భాగించి, ఆ తరువాతే దాని గురించి ఆలోచించాలి.

ముందు ఆ పొడి ఎలా తయారవుతుందో తెలుసుకుంటే మిగతాది సులభంగా అర్థమవుతుంది. కాఫీ గింజలను 200 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో వేయించి, పొడి చేసి, వేడినీటితో చిక్కటి డికాషన్ తీస్తారు. ఆ డికాషన్‌లోని నీటిని తీసివేయగా మిగిలిన పొడే ఇన్‌స్టంట్ కాఫీ. నీటిని తీసివేయడానికి డికాషన్‌ను సన్నని తుంపరలుగా వేడిగాలిలోకి చిమ్మి ఆరబెట్టడం ఒక పద్ధతి. దాన్ని గడ్డకట్టించి, గాలి తీసేసిన గదిలో ఆ మంచు కరగకుండానే నేరుగా ఆవిరైపోయేలా చేయడం రెండో పద్ధతి. చికోరీకీ కాఫీ గింజకూ ఏ చుట్టరికమూ లేదు. నీలిరంగు పూలు పూసే, చామంతి కుటుంబానికి చెందిన ఒక మొక్క వేరు అది. ఆ వేరును ముక్కలుగా కోసి, ఎండబెట్టి, వేయించితే ముదురు గోధుమరంగుకు తిరిగి కాఫీని తలపించే వాసన వస్తుంది. 1806లో నెపోలియన్ బ్రిటన్ వ్యాపారం మీద విధించిన దిగ్బంధనం వల్ల ఐరోపాలో కాఫీ గింజలు దొరకడం కష్టమైనప్పుడు ఫ్రాన్స్‌లో దీని వాడకం బాగా పెరిగింది. గింజల కొరత తీరిన తరువాత కూడా చాలామంది దీన్ని వదలలేదు, ఎందుకంటే అది ఇచ్చే చిక్కదనమూ, ముదురు రంగూ, కాస్త తీపి కలిసిన చేదూ అప్పటికే వాళ్ల నాలుకకు అలవాటైపోయాయి.

ఇప్పుడు లెక్కకు వద్దాం. వంద గ్రాముల పొడిలో సుమారు 350 కిలో కేలరీల శక్తి ఉంటుంది. రెండు గ్రాములకు అది ఏడు. కొవ్వు దాదాపు లేనట్టే. పొటాషియం ఒక కప్పుకు 65 నుంచి 70 మిల్లీగ్రాముల వరకు వస్తుంది. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 3,510 మిల్లీగ్రాముల పొటాషియం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక కప్పు తీర్చేది ఆ అవసరంలో యాభయ్యో వంతు. ఒక మాదిరి అరటిపండు దానికి అయిదారు రెట్లు ఇస్తుంది. మెగ్నీషియం ఒక కప్పుకు అయిదారు మిల్లీగ్రాములు మాత్రమే, కానీ పెద్దవాళ్లకు రోజుకు కావలసింది మూడు నాలుగు వందలు. ఇనుము మిల్లీగ్రాములో పదో వంతు కూడా ఉండదు.

విటమిన్లలో చెప్పుకోదగ్గది ఒక్కటే, నియాసిన్ అని పిలిచే బి3. దాని కథ నాకు చాలా ఇష్టం. పచ్చి కాఫీ గింజలో నియాసిన్ చాలా తక్కువగా ఉంటుంది. అయితే ఆ గింజలో ట్రైగొనెల్లిన్ అనే పదార్థం ఉంటుంది, వేయించేటప్పుడు దానిలో కొంత భాగం వేడికి విడిపోయి నియాసిన్‌గా మారుతుంది. వంటలో వేడి విటమిన్లను పోగొడుతుందని మీరు చదువుకుని ఉంటారు. ఇక్కడ మాత్రం వేడివల్లే విటమిన్ పుడుతోంది. ఒక కప్పులో అది సుమారు అర మిల్లీగ్రాము ఉంటుంది. పెద్దవాళ్ల రోజువారీ అవసరం 14 నుంచి 16 మిల్లీగ్రాములు కాబట్టి ఇది చిన్న మొత్తమే. అయినా ఈ పొడి శరీరానికి నిజంగా ఇచ్చే కొద్దిపాటి పోషకాలలో దీన్ని ఒకటిగా ఒప్పుకోవాలి.

మీరు ప్రొటీను గురించి ప్రత్యేకంగా అడిగారు కాబట్టి ఆ అంకె ఎలా పుడుతుందో కాస్త వివరంగా చెబుతాను. ఆహారంలోని ప్రొటీనును ఎవరూ నేరుగా తూచరు. ఆ పదార్థంలో ఉన్న నైట్రోజన్‌ను కొలిచి, దాన్ని సాధారణంగా 6.25తో గుణించి ప్రొటీను ఇంత అని రాస్తారు. ధాన్యాలకూ పప్పులకూ ఈ లెక్క బాగానే నప్పుతుంది. కాఫీ పొడి సంగతి వేరు. కెఫీన్ అణువులోనే నాలుగు నైట్రోజన్ పరమాణువులు ఉంటాయి, ట్రైగొనెల్లిన్‌లోనూ నైట్రోజన్ ఉంది, వేయించినప్పుడు ప్రొటీను ముక్కలు చక్కెరలతో కలిసి ఏర్పడిన గోధుమరంగు పదార్థాల్లోనూ ఉంది. వీటిలో ఏదీ పప్పు, గుడ్డు ఇచ్చే ప్రొటీను వంటిది కాదు. అందువల్ల పట్టికలో తొమ్మిది గ్రాములని రాసి ఉన్నా దాన్ని కండ పెంచే ప్రొటీనుగా భావించకండి. కప్పుకు పంచితే అది ఎలాగూ గ్రాములో అయిదో వంతుకు మించదు.

కార్బోహైడ్రేట్ల అంకె కూడా ఇలాంటిదే. వంద గ్రాములలోంచి నీరు, ప్రొటీను, కొవ్వు, బూడిదగా మిగిలే ఖనిజాలు తీసివేసి, మిగిలినదంతా కార్బోహైడ్రేట్ అని రాయడం చాలా పట్టికలలో కనిపించే పద్ధతి. అలా తీసివేయగా మిగిలిన డెబ్బై, ఎనభై గ్రాములలో చక్కెర చాలా కొద్ది. అందులో పెద్ద భాగం గింజలోంచి నీటిలోకి దిగిన, నాలుకకు తీపిగా అనిపించని పొడవాటి పాలీసాకరైడ్లు. కాఫీ గింజలో సహజంగా ఉండే క్లోరోజెనిక్ ఆమ్లాలు, వేయింపులో పుట్టిన రంగు పదార్థాలు కూడా కార్బోహైడ్రేట్ కాకపోయినా అదే ఖాతాలోకి చేరిపోతాయి. ఎనభై గ్రాముల కార్బోహైడ్రేట్ అనగానే ఎనభై గ్రాముల చక్కెర అనుకుని భయపడేవాళ్లను నేను చూశాను. ఆ భయానికి ఆధారం లేదు.

ఇక చికోరీ విషయం. దీని మీద ప్రచారం ఎక్కువ జరుగుతోంది కాబట్టి నిదానంగా చదవండి. పచ్చి చికోరీ వేరులో బరువును బట్టి 15 నుంచి 20 శాతం దాకా ఇన్యులిన్ అనే పీచు పదార్థం ఉంటుంది. ఫ్రక్టోజ్ అనే చక్కెర అణువులు దండలో పూసల్లా ఒకదాని వెంట ఒకటి గుచ్చుకుని ఉంటే అది ఇన్యులిన్. ఈ దండను తెంపగల ఎంజైమ్ మన చిన్నపేగులో లేదు. అందుకే అది అరగకుండా పెద్దపేగు దాకా వెళ్లి, అక్కడున్న మేలుచేసే సూక్ష్మజీవులకు, ముఖ్యంగా బైఫిడోబ్యాక్టీరియాకు, ఆహారమవుతుంది. ఇది నిజమైన గుణమే. చికోరీ నుంచి తీసిన ఇన్యులిన్ రోజుకు 12 గ్రాములు తీసుకుంటే విరేచనం సక్రమంగా అయ్యేందుకు తోడ్పడుతుందని చెప్పుకోవడానికి ఐరోపా సంఘం 2015లో అనుమతి ఇచ్చింది.

ఆ 12 గ్రాములను మన కప్పుతో పోల్చి చూడండి. రెండు గ్రాముల పొడిలో చికోరీ 30 శాతం ఉందనుకుంటే, కప్పులోకి వచ్చే చికోరీ 0.6 గ్రాములు. అదంతా ఇన్యులినే అనుకున్నా 12 గ్రాములు కావాలంటే ఇరవై కప్పులు తాగాలి. పైగా అదంతా ఇన్యులిన్ కాదు. వేయించే వేడికి ఆ దండలు చాలావరకు తెగిపోతాయి. విడిపోయిన ఫ్రక్టోజ్‌లో కొంత అలాగే మిగిలి తియ్యదనాన్ని ఇస్తుంది, ఎక్కువ భాగం మాడి రంగుగా, వాసనగా మారుతుంది. మనం చికోరీలో ఇష్టపడే రుచి చాలావరకు ఇన్యులిన్ విరిగిపోవడం వల్లే వస్తోందన్నమాట. అందుచేత పచ్చి వేరుకో, దాని నుంచి విడదీసిన పీచు పొడికో ఉన్న సుగుణాలన్నిటినీ తెచ్చి కాఫీ కప్పుకు అంటగట్టడం సరికాదు. రుచి కోసం తాగేవాళ్లు హాయిగా తాగవచ్చు, పీచు మాత్రం పళ్లు, కూరలు, పప్పులు, పొట్టు తీయని ధాన్యాల నుంచే రావాలి.

అయితే చికోరీ కలపడం వల్ల కప్పులో ఒక పెద్ద మార్పు నిజంగానే వస్తుంది. చికోరీలో కెఫీన్ అసలు లేదు. చికోరీ కలవని ఇన్‌స్టంట్ కాఫీ పొడిలో బరువును బట్టి సుమారు 3 శాతం కెఫీన్ ఉంటుంది, అంటే రెండు గ్రాముల పొడికి 60 మిల్లీగ్రాములు. అందులో 30 శాతం చికోరీ ఉంటే అది సుమారు 42 మిల్లీగ్రాములకు తగ్గుతుంది. చికోరీ సగం ఉంటే 30 మాత్రమే. విచిత్రమేమంటే, చికోరీ ఎక్కువైన కొద్దీ కప్పు రంగు ముదురుతుంది, చేదు పెరుగుతుంది, చూసేవాళ్లు దాన్ని చాలా స్ట్రాంగ్ కాఫీ అంటారు, నిజానికి దానిలోనే కెఫీన్ తక్కువ. రంగును చూసి కెఫీన్‌ను అంచనా వేయకూడదు.

ఈ లెక్క మీకు ఎందుకు ముఖ్యమో చెబుతాను. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు రోజు మొత్తంలో 400 మిల్లీగ్రాముల వరకు, గర్భిణులకు 200 వరకు కెఫీన్ వల్ల ఆందోళన లేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో పేర్కొంది. పిల్లలకు అది చెప్పిన హద్దు శరీర బరువులో ప్రతి కిలోకు రోజుకు 3 మిల్లీగ్రాములు. ముప్పై కిలోల బరువున్న పిల్లవాడికి అది 90 మిల్లీగ్రాములు అవుతుంది. అందులోకి టీ, కోలా, చాక్లెట్ అన్నీ వస్తాయి. ఒక చిన్న డబ్బా కోలాలోనే సుమారు 35 మిల్లీగ్రాములు ఉంటుంది. పెద్దవాళ్ల ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది కాబట్టి, సాయంత్రం తాగిన కాఫీ రాత్రి నిద్రను పాడుచేయడంలో ఆశ్చర్యం లేదు. ఎదిగే వయసులో నిద్రకు మించిన పోషణ లేదని నా గట్టి నమ్మకం. అందుకని మీలో పదేళ్లు కూడా నిండనివాళ్లకు కాఫీ అలవాటు వద్దని చెబుతున్నాను. చికోరీ ఉంది కదా, కెఫీన్ తక్కువ కదా అని కూడా మొదలుపెట్టకండి.

కప్పులోని నిజమైన పోషణ పొడి నుంచి కాక పాల నుంచి వస్తుంది. వంద మిల్లీలీటర్ల ఆవుపాలలో మూడు గ్రాములకు పైగా ప్రొటీను, సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియం, 60 కిలో కేలరీలకు పైగా శక్తి ఉంటాయి. రెండు చెంచాల చక్కెర వేస్తే మరో 32 కిలో కేలరీలు చేరతాయి, వాటితోపాటు ఇంకే పోషకమూ రాదు. ఏడు కిలో కేలరీల కాఫీని వంద కిలో కేలరీల పానీయంగా మార్చేది మనం కలిపేవే. పాలపొడి, చక్కెర ముందే కలిపి అమ్మే పొట్లాల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండండి, వాటిలో చాలావాటికి పదార్థాల జాబితాలో మొదటి పేరు చక్కెరే ఉంటుంది. ఆ జాబితాను బరువు తగ్గే క్రమంలో రాస్తారు కాబట్టి మొదటి పేరు ఏమిటో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

మరి రెండు విషయాలు క్లుప్తంగా రాస్తాను. కాఫీలోని పాలీఫినాల్స్ అనే పదార్థాలు ధాన్యాలు, ఆకుకూరల నుంచి వచ్చే ఇనుము ఒంటికి పట్టకుండా కొంత అడ్డుపడతాయి. రక్తహీనత ఉన్నవాళ్లు భోజనంతోపాటు గానీ, భోజనం ముగించిన వెంటనే గానీ కాఫీ తాగకపోవడం మంచిది. రెండోది అక్రిలమైడ్, ఆరోగ్యానికి హాని చేయవచ్చని అనుమానించే ఒక పదార్థం. ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం చక్కెరలతో కలిసి ఎక్కువ వేడికి గురైనప్పుడు ఇది ఏర్పడుతుందని, మనం తినే చాలా పదార్థాల్లో ఉందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. వేయించిన చికోరీలో ఇది కాఫీలో కంటే ఎక్కువగా ఏర్పడుతుంది. ఐరోపా సంఘం 2017 నిబంధనల్లో ఇన్‌స్టంట్ కాఫీకి కిలోకు 850 మైక్రోగ్రాములు, చికోరీతో మాత్రమే చేసిన పొడికి 4,000 మైక్రోగ్రాములు ప్రమాణంగా పెట్టారు. కప్పుకు వాడే కొద్దిపాటి పొడితో బెంబేలు పడనక్కరలేదు గానీ, చికోరీని ఔషధంలా పొగిడేవాళ్లు ఈ సంగతిని కూడా చెప్పడం న్యాయం. చామంతి జాతి మొక్కలు పడని వాళ్లకు చికోరీ కూడా పడకపోవచ్చు.

చికోరీ ఎంత కలిసిందో ఇంట్లో తేల్చుకోవచ్చా అని కూడా అడిగారు. వేయించి పొడి చేసిన మామూలు కాఫీ పొడి అయితే ఒక చిటికెడు తీసుకుని గాజు గ్లాసులోని చల్లటి నీటి మీద మెల్లగా చల్లి చూడండి. కాఫీ రేణువుల్లో నూనె ఉంటుంది కాబట్టి అవి కాసేపు పైనే తేలుతాయి. చికోరీ రేణువులు నీటిని పీల్చుకుని త్వరగా మునుగుతూ, వెనకాల గోధుమరంగు చారలను విడుస్తాయి. చూడటానికి చాలా బాగుంటుంది. కానీ ఇన్‌స్టంట్ పొడికి ఈ పరీక్ష పనికిరాదు, ఎందుకంటే అందులో కాఫీ, చికోరీ రెండూ డికాషన్‌గా దిగి ఎండినవే, రెండూ నీళ్లలో పూర్తిగా కరిగిపోతాయి. దానికి డబ్బా మీద ముద్రించిన శాతమే ఆధారం. పెద్దవాళ్లు ఒక్కో కప్పుకు నిజంగా ఎంత పొడి వేస్తున్నారో వంటింటి త్రాసులో తూచి, చికోరీ శాతాన్ని తీసివేసి, మిగిలిన కాఫీకి 3 శాతం చొప్పున కెఫీన్ లెక్క కట్టండి. చెంచా నిండుగా పోసి ఎత్తితే అది రెండు గ్రాముల దగ్గర ఆగదు. మీకు వచ్చిన అంకెలను నాకు రాసి పంపండి, కలిసి సరిచూద్దాం.

ఇట్లు,
మీ తాతయ్య