ఏదైనా ప్రయత్నించవచ్చు: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు,

మీ తాతయ్య ఆశీస్సులు. బల్ల చుట్టూ నలుగురు కూర్చుని, కాగితాలు, పెన్సిళ్లు, కొన్ని పాచికలు ముందు పెట్టుకుని గంటల తరబడి మాట్లాడుకోవడాన్ని ఆట అని ఎలా అంటారు, అందులో గెలిచేది ఎవరు అని మీలో కొందరు అడిగారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పేరు వినడమే తప్ప అదేమిటో తెలియదని ఇంకొందరు అన్నారు. రెండూ ఒకే ఆట గురించిన మాటలే. నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

మీకు వైకుంఠపాళి తెలుసు. పాము నోట్లో పడితే తోక దాకా జారవలసిందే. ‘పామును మాటల్లో పెట్టి తప్పించుకుంటాను’ అనడానికి వీలు లేదు. గడులు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఏమి జరగాలో ముందే గీసి పెట్టారు. నేను చెప్పబోయే ఆటలో పాముతో మాట్లాడవచ్చు. దానికి పాలు పోయవచ్చు, బుట్టలో పెట్టి మూత వేయవచ్చు, దాని మీదెక్కి వాగు దాటాలనీ చూడవచ్చు. పని అవుతుందా కాదా అన్నది తర్వాతి మాట. ప్రయత్నించే హక్కు మాత్రం మీకు ఎప్పుడూ ఉంటుంది.

ఆట ఇలా సాగుతుంది. ఒకరు ఆటను నడుపుతారు. ఆ వ్యక్తిని డంజన్ మాస్టర్ అంటారు. మిగిలిన ముగ్గురో అయిదుగురో తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు యోధుడు, ఒకరు మంత్రగత్తె, ఒకరు దొంగ. ఆట నడిపే అమ్మాయి, ‘మీ ముందు ఇనుప తలుపు ఉంది. గొళ్లెం లోపలి వైపు వేసి ఉంది. లోపల ఎవరో గురక పెడుతున్నారు. ఏమి చేస్తారు?’ అని అడిగిందనుకోండి.

‘తలుపు విరగ్గొడతాను.’

‘వద్దు అన్నయ్యా, కాపలావాడు లేస్తాడు. తలుపు కింద సందు ఎంత ఉంది?’

‘బొటనవేలు పట్టేంత.’

‘అయితే నా పెంపుడు ఎలుక తోకకు దారం కట్టి లోపలికి పంపుతాను. అది గొళ్లెం మీదుగా తిరిగి వస్తే దారం లాగి తలుపు తీయవచ్చు.’

ఎలుకతో గొళ్లెం తీయడం గురించి ఏ నియమాల పుస్తకంలోనూ ఉండదు. ఆట నడిపే అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, ‘కుదరవచ్చు, కానీ కష్టం. 15 గానీ అంతకంటే ఎక్కువ గానీ రావాలి’ అంటుంది. చెల్లి ఇరవై ముఖాల పాచిక వేస్తుంది. అందరూ బల్ల మీదికి వంగుతారు. ఈ ఆటకు ప్రాణం అక్కడే ఉంది.

ఏదైనా ప్రయత్నించవచ్చు, తీర్పు మధ్యవర్తిది. ఈ ఆలోచన ఎక్కడ పుట్టిందో తెలిస్తే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. అది పుట్టింది సైన్యంలో.

ప్రష్యా అనే జర్మన్ రాజ్యంలో రైస్విట్జ్ అనే తండ్రీ కొడుకులు యుద్ధాన్ని బల్ల మీద ఆడే పద్ధతి కనిపెట్టారు. తండ్రి 1812లో రాజుకు చూపించాడు. సైనికాధికారి అయిన కొడుకు దాన్ని మెరుగుపరిచి 1824లో అచ్చు వేయించాడు. ‘క్రీగ్‌స్పీల్’ అని దాని పేరు. కొలతల ప్రకారం గీసిన పటం మీద ఎరుపు, నీలం దిమ్మలు సైన్యాలుగా కదులుతాయి. ఒక పక్షానికి కనబడని శత్రువు పటం మీదా కనబడడు. ఆడేవాళ్లు తమ ఆజ్ఞలను మధ్యవర్తికి చెబుతారు. ఏమి జరిగిందో లెక్క కట్టి, పాచిక వేసి ఆయన చెబుతాడు. సైన్యాధిపతులకు ఇది బాగా నచ్చి అధికారుల శిక్షణకు వాడారు. అయితే నియమాలు పెరిగి పెరిగి, పట్టికలు వెతకడంలోనే పొద్దు గడిచిపోయేది. 1876లో వెర్డీ డు వెర్నువా అనే ప్రష్యన్ అధికారి ఇన్ని పట్టికలు ఎందుకని అడిగాడు. అనుభవం ఉన్న మధ్యవర్తి తన బుద్ధితో తీర్పు చెబితే చాలన్నాడు. 1880లో అమెరికా సైన్యంలోని చార్లెస్ టాటెన్ ‘స్ట్రాటెగోస్’ అనే యుద్ధక్రీడ పుస్తకం రాశాడు. అందులోనూ మధ్యవర్తికి పెద్ద పీట వేశాడు.

ఆ పుస్తకం ఎన్నో ఏళ్లు గ్రంథాలయపు అలమరలో ఉండిపోయింది. 1960లలో అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో, మినెసోటా విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో అది డేవిడ్ వెస్లీ అనే కుర్రవాడి కంటబడింది. ఆయన, స్నేహితులు బొమ్మ సైనికులతో నెపోలియన్ కాలపు యుద్ధాలు ఆడేవారు. ఆటగాడు ఏదైనా ప్రయత్నించవచ్చు, మధ్యవర్తి తీర్పు చెబుతాడు అన్న సూత్రం వెస్లీ మనసులో నాటుకుంది.

1969లో వెస్లీ ఒక కొత్త ప్రయోగం చేశాడు. బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత జర్మన్ పట్టణం. దానికి రెండు వైపుల నుంచి రెండు సైన్యాలు వస్తున్నాయి. సైన్యాలను నడపడానికి ఇద్దరు చాలు, వచ్చిన మిత్రులేమో చాలామంది. మిగిలినవాళ్లకు ఊళ్లోని మనుషులను అప్పగించాడు. ఒకరు నగర మేయరు, ఒకరు బ్యాంకు యజమాని, ఒకరు విశ్వవిద్యాలయ అధిపతి. ఎవరి కోరికలు వారివి, ఎవరి రహస్యాలు వారివి. ఆట మొదలవగానే క్రమం తప్పింది. ఆటగాళ్లు మూలలకు వెళ్లి గుసగుసలాడారు, కుట్రలు పన్నారు, అందరూ ఒక్కసారిగా వెస్లీ మీద ప్రశ్నలు కురిపించారు. అసలు యుద్ధం జరగనేలేదు. ప్రయోగం చెడిపోయిందని వెస్లీ అనుకున్నాడు. మిత్రులు మాత్రం ఇంకోసారి ఆడదామని వెంటపడ్డారు. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే ఘట్టం ఇదే. అంతవరకూ ఆటగాడంటే వెయ్యిమంది సైనికులను పైనుంచి కదిలించే చెయ్యి. ఆ రోజు ఆటగాడు ఒక్క మనిషయ్యాడు. ఆ మనిషికి పేరుంది, కోరిక ఉంది, భయం ఉంది.

వెస్లీ సైన్యంలో చేరవలసి రావడంతో ఆ ఆటలను అతని మిత్రుడు డేవ్ ఆర్నెసన్ అందిపుచ్చుకున్నాడు. 1971 నాటికి ఆయన బ్లాక్‌మూర్ అనే ఊహాలోకాన్ని అల్లాడు. ఒక కోట, దాని కింద అంతస్తులు అంతస్తులుగా చీకటి సొరంగాలు, వాటిలో భూతాలు, నిధులు. ఒక వారం ఆడిన పాత్రే మరుసటి వారం కొనసాగేది. అనుభవం సంపాదించి బలపడేది, లేదా చనిపోయేది. కథ ఒక్క సాయంత్రంతో ముగియకుండా నెలల తరబడి నడిచేది. ఈ రోజు కంప్యూటర్ ఆటల్లో మీరు ‘లెవెల్ పెరిగింది’ అంటారే, ఆ అలవాటుకు వేరు ఇక్కడే ఉంది.

మినెసోటా పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో లేక్ జెనీవా అనే చిన్న ఊరుంది. అక్కడ గ్యారీ గైగ్యాక్స్ ఉండేవాడు. బీమా కంపెనీలో ఉద్యోగం పోయాక ఇంట్లో చెప్పులు బాగుచేస్తూ కుటుంబాన్ని పోషించుకున్న మనిషి. 1968లో తన ఊళ్లోనే జెన్ కాన్ అనే ఆటల సమావేశం మొదలుపెట్టాడు. జెఫ్ పెరెన్‌తో కలిసి 1971లో ‘చెయిన్‌మెయిల్’ అనే మధ్యయుగపు యుద్ధాల నియమావళి ప్రచురించి, దాని చివర మాంత్రికులను, డ్రాగన్లను కూడా చేర్చాడు. ఆర్నెసన్ తన ఆటలో ఆ నియమాలను కొంతకాలం వాడుకున్నాడు. 1972 చివర్లో లేక్ జెనీవాకు వచ్చి బ్లాక్‌మూర్ ఆడించి చూపించాడు. గైగ్యాక్స్ ముగ్ధుడయ్యాడు. ఆర్నెసన్ నోట్సు తెప్పించుకుని, రాత్రింబవళ్లు టైపు కొట్టి, వాటిని నియమాల పుస్తకంగా మలిచాడు. తన కొడుకును, కూతురిని కూర్చోబెట్టి మొదటి సొరంగం ఆడించాడు.

పెద్ద ప్రచురణకర్తలు ముందుకు రాకపోవడంతో 1973లో గైగ్యాక్స్, బాల్యమిత్రుడు డాన్ కే కలిసి టీఎస్ఆర్ అనే చిన్న సంస్థ పెట్టుకున్నారు. కొద్దికాలానికి బ్రయాన్ బ్లూమ్ డబ్బుతో చేరాడు. 1974 జనవరిలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ బయటికి వచ్చింది. చెక్క రంగు అట్టపెట్టెలో మూడు చిన్న పుస్తకాలు. వెయ్యి ప్రతులు. వాటిని ఇంట్లోనే చేత్తో పేర్చి పెట్టెల్లో సర్దారు. ఏడాది తిరగకుండానే అవన్నీ అమ్ముడుపోయాయి.

దీన్ని ఎవరు కనిపెట్టారని తగవు వచ్చింది. తర్వాతి పుస్తకాల్లో తన వాటా దక్కలేదని ఆర్నెసన్ 1979లో దావా వేశాడు. 1981లో రాజీ కుదిరింది. నా అభిప్రాయం చెబుతాను. ఆర్నెసన్ లేకపోతే ఈ ఆట పుట్టేది కాదు, గైగ్యాక్స్ లేకపోతే ఆ ఊరు దాటేది కాదు. వెస్లీ పేరు చాలామంది మరిచిపోతారు. మీరు మరవకండి.

ఇక పాచికల సంగతి. నాలుగు, ఆరు, ఎనిమిది, పన్నెండు, ఇరవై ముఖాల పాచికలు చూస్తే మీ లెక్కల మాస్టారు సంతోషిస్తారు. ప్రతి ముఖానికీ భుజాలన్నీ సమానంగా, కోణాలన్నీ సమానంగా ఉండి, అన్ని ముఖాలూ ఒకే ఆకారంలో, ఒకే కొలతలో ఉండే కుంభాకార ఘనరూపాలు, ప్రతి శీర్షం దగ్గరా ఒకే సంఖ్యలో ముఖాలు కలిసేవి, లోకంలో ఈ అయిదే ఉన్నాయి. తొలిరోజుల్లో వీటిని బళ్లకు బోధన సామగ్రి అమ్మే సంస్థ నుంచి కొని ఆటతో పాటు అమ్మారు. అంకెల గాట్లలో రంగు ఉండేది కాదు. పిల్లలే మైనపు రంగుపెన్సిల్‌తో రుద్ది నింపుకునేవారు. 1979 ప్రాంతంలో పాచికలు దొరకక, పెట్టెలో అంకెలు వేసిన అట్టముక్కలు పెట్టి పంపారు కూడా! కాబట్టి మీ ఊళ్లో ఇరవై ముఖాల పాచిక దొరకలేదని ఆగకండి. 1 నుంచి 20 దాకా చీటీలు రాసి డబ్బాలో వేసి తీయండి. తీసిన చీటీని ప్రతిసారీ తిరిగి వేయడం మరవకూడదు.

ప్రతి పాత్రకూ ఆరు గుణాలు ఉంటాయి: బలం, చురుకుదనం, దారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ. పాత పద్ధతిలో ఒక్కో గుణానికి మూడు మామూలు పాచికలు వేసి కూడతారు. 3 నుంచి 18 లోపు ఏదో ఒకటి వస్తుంది. మూడు పాచికలు పడే తీరులు మొత్తం 216. వాటిలో 18 వచ్చేది ఒకే ఒక్క తీరులో. 10 వచ్చే తీరులు 27, 11 వచ్చేవి కూడా 27. అందుకే ఎక్కువమంది మధ్యస్థంగా పుడతారు, భీముడిలాంటివాడు అరుదుగా పుడతాడు.

2000లో వచ్చిన మూడో కూర్పు నుంచి లెక్క సులువైంది. గుణం 10 గానీ 11 గానీ అయితే ఇరవై ముఖాల పాచిక మీద పడిన అంకెకు కలిపేది ఏమీ లేదు. 12కు ఒకటి, 14కు రెండు, 16కు మూడు కలుస్తాయి. 15 రావలసిన పని ఉందనుకోండి. మామూలు మనిషికి ఇరవై ముఖాల్లో ఆరు మాత్రమే పనికొస్తాయి. గుణం 16 ఉన్నవాళ్లకు 12 పడినా చాలు కాబట్టి తొమ్మిది ముఖాలు పనికొస్తాయి. వీటికి తోడు పాత్రకు ప్రాణశక్తి అనే ఒక సంఖ్య ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడల్లా అది తగ్గుతుంది. మొదట్లో యోధుడు, మాంత్రికుడు, గాయాలు మాన్పే పూజారి అని మూడు వృత్తులే ఉండేవి. దొంగ 1975లో చేరాడు. 1970ల నాటి ఆటలో పాత్ర ఎదగడానికి కావలసిన పాయింట్లు చాలావరకు నిధిని బయటికి తేవడం వల్లే వచ్చేవి. అందుకని తెలిసిన ఆటగాళ్లు రాక్షసుణ్ణి చంపడానికి ఎగబడేవారు కాదు. ఏమార్చేవారు, బేరమాడేవారు, అవసరమైతే పారిపోయేవారు. నాకు ఆ పద్ధతే ఇష్టం.

మీ ఇళ్లలో ఎవరైనా ఈ ఆట మంచిది కాదని అంటే, ఆ మాటకు కొంత చరిత్ర ఉంది. 1979లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి కనిపించకుండా పోయాడు. ఈ ఆట ఆడుతూ భూగర్భ సొరంగాల్లో చిక్కుకున్నాడేమోనని పత్రికలు రాశాయి. ఆటకూ అతని కష్టానికీ సంబంధం లేదని తర్వాత తేలింది. అయినా 1980లలో అమెరికాలో ఇది క్షుద్రపూజలు నేర్పుతుందని పెద్ద గగ్గోలే రేగింది. పెద్దవాళ్ల దిగులు తీర్చడానికి ఒకటే మార్గం ఉంది. వాళ్లనూ కూర్చోబెట్టి ఒక పాత్ర ఇవ్వండి.

టీఎస్ఆర్ తర్వాత అప్పుల్లో కూరుకుపోయింది. 1997లో దాన్ని విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే ఆటల సంస్థ కొన్నది. ఆ సంస్థను 1999లో హాస్‌బ్రో అనే పెద్ద ఆటబొమ్మల సంస్థ కొన్నది. 2014లో అయిదో కూర్పు వచ్చాక ఆట మళ్లీ పుంజుకుంది. మీకు పనికొచ్చే విషయం ఇంకొకటి ఉంది. మూల నియమాలను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ అనే, ఎవరైనా వాడుకోనిచ్చే అనుమతి కింద అందరికీ ఉచితంగా విడుదల చేశారు. వాటిని తెలుగులోకి తెచ్చుకున్నా ఎవరూ అడ్డు చెప్పరు, మూలం ఎవరిదో పేర్కొంటే చాలు.

కథలకు మనకు కొదవ లేదు. ఈ ఆటలో లిచ్ అనే మాంత్రికుడు ఉంటాడు. తన ఆత్మను ఒక పెట్టెలో దాచుకుంటాడు, ఆ పెట్టెను నాశనం చేయనిదే వాడికి చావు లేదు. ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం దాచుకున్న మాయలమారి కథ విన్న మీకు వాడు కొత్తవాడేమీ కాదు.

మొదటిసారి ఆడేటప్పుడు లోకమంతా కల్పించాలని చూడకండి. పాడుబడ్డ కోట, మూడు గదులు, ఒక నిధి, దానికి కాపలాగా ఒక జీవి చాలు. ఆ జీవికి ఏమి కావాలో ముందే అనుకుని పెట్టుకోండి. ఆకలా, ఒంటరితనమా, కోపమా? అప్పుడు మీ మిత్రులు దానితో పోరాడినా మాట్లాడినా మీ దగ్గర జవాబు ఉంటుంది. ఆట నడిపేవారు మిత్రులను ఓడించడానికి కూర్చోరు. ఎవరైనా వింత ఆలోచన చెబితే ‘కుదరదు’ అనేముందు, ఎంత పడితే కుదురుతుందో ఆలోచించి ఒక అంకె చెప్పండి. బల్ల దగ్గర ఒక్క మాటా మాట్లాడకుండా కూర్చున్న తమ్ముడు ఉంటే, ‘నీ పాత్ర ఇప్పుడు ఎక్కడ నిలబడి ఉంది?’ అని అడగండి.

ఆడిన తర్వాత మీ కోటలో ఎవరున్నారో, ఎవరు ఏమి ప్రయత్నించారో, దానికి ఎంత పడాలని చెప్పారో నాకు రాయండి.

మీ తాతయ్య