డార్క్ చాక్లెట్ బీపీ మాత్ర కాదు: అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. ఈ మధ్య వారానికి ఇద్దరు ముగ్గురైనా "మేడం, డార్క్ చాక్లెట్ ఒంటికి మంచిదటగా?" అని అడుగుతున్నారు. అడిగి తినేవాళ్లతో ఇబ్బంది లేదు. అడక్కుండా మందులు మానేసి తినేవాళ్ల గురించే నా టెన్షన్.

అపోహ: డార్క్ చాక్లెట్ తింటే బీపీ తగ్గుతుంది, మాత్ర అక్కర్లేదు

కిందటి నెల కందుకూరు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. బీపీ 168/100 ఉంది. "మాత్ర వేసుకుంటున్నారా బాబాయ్ గారూ?" అంటే చొక్కా జేబులోంచి మడతపెట్టిన రేపర్ తీసి బల్ల మీద పరిచారు. "ఇదేనమ్మా నా మాత్ర. మా అమ్మాయి హైదరాబాద్ నుంచి పంపుతుంది. రోజూ రాత్రి నాలుగు ముక్కలు తింటన్నా. మూడు వారాలైంది."

రేపర్ ముందువైపు పెద్ద అక్షరాలతో 50 శాతం డార్క్ అని ఉంది. వెనక్కి తిప్పాను. పదార్థాల్లో మొదటి పేరు చక్కెర. ఏది ఎక్కువ కలిపితే దాని పేరే ముందు రాస్తారు. కోకో పొడిభాగం, కోకో వెన్న రెండూ కలిపితేనే ఆ 50 అయింది. మిగతాదంతా ఇంచుమించు చక్కెరే. ఆ వరసని వేలు పెట్టి చూపిస్తే ఆయన కళ్లజోడు సరిచేసుకుని రెండుసార్లు చదువుకున్నారు.

ఆయన విన్నది అబద్ధమేమీ కాదు. కోకోలో ఫ్లావనాల్స్ అనే పదార్థాలుంటాయి. అవి రక్తనాళాల్లో నైట్రిక్ ఆక్సైడ్‌ని పెంచి, నాళాలు కాస్త వదులయ్యేలా చేస్తాయి. ఎంత? 2017లో కాక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే బీపీ సగటున 2 పాయింట్ల లోపే తగ్గింది. ఒక మామూలు బీపీ మాత్రతో పై అంకె సుమారు 9 పాయింట్లు తగ్గుతుంది. పైగా ఆ పరీక్షల్లో చాలావరకు వాడింది ఫ్లావనాల్స్ ఎక్కువగా ఉంచిన కోకో. మన కొట్లో దొరికే బార్‌లో అవి ఎన్ని మిగిలాయో ఎవరూ రాయరు.

అమెరికాలో 21 వేల మందికి పైగా పెద్దవయసు వాళ్లతో చేసిన కాస్మోస్ పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. రోజుకు 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లావనాల్స్ ఇచ్చారు. గుండె జబ్బులన్నీ కలిపి చూస్తే గట్టిగా చెప్పగలిగినంత తేడా రాలేదు. గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయినవాళ్లు మాత్రం 27 శాతం తక్కువ. ఆశ కలిగించే మాటే, నేను కాదనను. కానీ వాళ్లు మింగింది కోకో సారం నింపిన గొట్టం మాత్రలు, చాక్లెట్ కాదు.

పెద్దాయన్ని అప్పటికప్పుడే ఆయన డాక్టరు దగ్గరికి పంపాను. మాత్ర మళ్లీ మొదలైంది. చాక్లెట్ పూర్తిగా మానమనలేదు. కూతురు ప్రేమగా పంపేది. ఆదివారం రెండు ముక్కలు తినమన్నాను.

అపోహ: ఎంత నల్లగా ఉంటే అంత మంచిది

కొన్నిసార్లు తలకిందులు. కోకో చేదు తగ్గడానికి క్షారం (ఆల్కలీ) కలుపుతారు. దాంతో రంగు ఇంకా ముదురుతుంది, ఫ్లావనాల్స్ మాత్రం చాలావరకు పోతాయి. రేపర్ మీద ఆల్కలీ అన్న మాట ఉందేమో చూడండి. కోకో వెన్నకి బదులు పామాయిల్ లాంటి కొవ్వు వాడిన కాంపౌండ్ చాక్లెట్ అయితే ఆ డబ్బుతో పల్లీ పట్టీలు కొనుక్కోవడం మేలు.

అపోహ: రక్తం పడుతుంది

సింగరాయకొండ నుంచి ఐదో నెల గర్భిణి వచ్చింది. హిమోగ్లోబిన్ 8.4. ఐరన్ మాత్రలు వేసుకుంటే వికారంగా ఉంటోందని మానేసి, చాక్లెట్ తింటోంది. 70 శాతం దాటిన చాక్లెట్‌లో ఐరన్ ఉన్నమాట నిజమే, 100 గ్రాములకు సుమారు 12 మిల్లీగ్రాములు. 20 గ్రాములు తింటే రెండున్నర కూడా రాదు. అందులోనూ కోకోలోని పాలీఫినాల్స్ ఐరన్‌ని ఒంటికి సరిగా పట్టనివ్వవు. గర్భిణికి రోజుకు 27 మిల్లీగ్రాములు కావాలి. మాత్ర ఏ వేళ వేసుకుంటే వికారం తగ్గుతుందో డాక్టరుతో మాట్లాడి మార్చాం. టీ, కాఫీ, చాక్లెట్ మాత్రకు దూరంగా జరిపాం. సజ్జ రొట్టె, ఆకుకూర పప్పు, పైన నిమ్మకాయ పిండుకోమన్నాను.

గర్భిణులకూ పిల్లలకూ ఇంకో జాగ్రత్త. 2022లో అమెరికాలో కన్జ్యూమర్ రిపోర్ట్స్ అనే వినియోగదారుల సంస్థ 28 డార్క్ చాక్లెట్ బార్లు పరీక్షిస్తే అన్నిటిలో సీసం, కాడ్మియం కనిపించాయి. రోజూ ఒక ఔన్సు, అంటే 28 గ్రాములు తింటే వాటిలో 23 బార్లతో ఆ రెండిట్లో ఒకటైనా వాళ్లు కొలతగా తీసుకున్న హద్దు దాటుతుంది. ఎప్పుడో ఒక ముక్కకి భయం లేదు. వీళ్లకి రోజూ మాత్రం పెట్టకండి.

అపోహ: షుగర్ ఉన్నా తినొచ్చు, బరువు తగ్గుతారు

70 శాతం బార్‌లో కూడా 30 శాతం దాకా చక్కెర ఉండొచ్చు. 100 గ్రాములకు సుమారు 600 క్యాలరీలు. షుగర్ ఫ్రీ అని రాసినవాటిలో చక్కెరకి బదులు వాడే మాల్టిటాల్ ఉంటే ఎక్కువ తిన్నప్పుడు కడుపు ఉబ్బి విరేచనాలవుతాయి. చాక్లెట్‌తో బరువు తగ్గుతారన్న ఒక అధ్యయనం 2015లో పేపర్లన్నీ తిరిగింది. పత్రికలు ఎంత తేలిగ్గా నమ్ముతాయో చూపించడానికి ఒక విలేఖరే కావాలని చేయించిన పని అది.

కనిగిరి వైపు నుంచి నా దగ్గరికి కిడ్నీ పేషెంట్లు వస్తుంటారు. వాళ్లకి గట్టిగా చెప్తాను: మీ డాక్టరు సరే అంటే తప్ప వద్దు. అందులో పొటాషియం, ఫాస్ఫరస్ ఎక్కువ. రాళ్లు ఏర్పడే తత్వం ఉన్నవాళ్లకి ఆక్సలేట్ల బాధ కూడా.

అపోహ: తెల్లగా పొడి పట్టిందంటే బూజు పట్టినట్టే

మే నెలలో మన ఎండకి పార్సిల్‌లోనే చాక్లెట్ కరుగుతుంది. కోకో వెన్న 34 డిగ్రీలకే కరిగిపోతుంది. మళ్లీ గడ్డకట్టేటప్పుడు ఆ కొవ్వు పైకి తేలి తెల్లటి పొరలా కనిపిస్తుంది. రుచి కాస్త తగ్గుతుందేమో గానీ తింటే ఏమీ కాదు. నూగులా లేచినా, ముక్కిన వాసన వచ్చినా, పురుగు కనిపించినా మాత్రం పారేయండి. పారేసేటప్పుడు వీధికుక్కలకి వేయకండి, కోకోలోని థియోబ్రోమిన్ వాటికి విషం.