కోతికి పడిన మందు మనిషికి పడుతుందా?

చిరంజీవులకు ఆశీస్సులు.

చుంచెలుకల్లో క్యాన్సర్ కణితి కరిగిపోయిందన్న వార్త చదివి, ఆ మందు మనుషులకు ఎప్పుడు వస్తుందని అడిగారు. జంతువులను అంత బాధపెట్టి తెలుసుకున్నది మనకు నిజంగా పనికివస్తుందా అని కూడా మీలో ఒకరు రాశారు. రెండో ప్రశ్న తేలితే మొదటిదీ తేలుతుంది కనుక దానితోనే మొదలుపెడతాను.

2006 మార్చి 13న లండన్‌లోని నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రి ఆవరణలో, ఆరోగ్యవంతులైన ఆరుగురు యువకులకు టీజీఎన్1412 అనే కొత్త మందును నరంలోకి ఎక్కించారు. రోగనిరోధక కణాలపై పనిచేసి కీళ్లవాతం వంటి జబ్బులను నయం చేస్తుందని ఆశించిన మందు అది. కోతులకు ఏ హానీ చేయని మోతాదులో 500వ వంతు మాత్రమే వారికి ఇచ్చారు. అయినా గంటన్నర తిరిగేలోగా తలనొప్పి, నడుంనొప్పి, జ్వరం మొదలయ్యాయి. మర్నాటికల్లా ఆరుగురికీ ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతిని, ఇంటెన్సివ్ కేర్‌లో ఉంచవలసి వచ్చింది. అందరూ బతికి బయటపడ్డారు గాని, ఒకరు కాలివేళ్లను, కొన్ని చేతివేళ్ల కొసలను పోగొట్టుకున్నారు.

అక్కడి శాస్త్రజ్ఞులు కోతులను గుడ్డిగా ఎంచుకోలేదు. ఆ మందు వెళ్లి అతుక్కునే సీడీ28 అనే ప్రోటీన్ భాగం కోతిలోనూ మనిషిలోనూ ఒకేలా ఉందని ముందే సరిచూసుకున్నారు. తర్వాత తెలిసిందేమంటే, పాత ఇన్ఫెక్షన్లను గుర్తుపెట్టుకుని వెంటనే విరుచుకుపడే ఒక రకం టీ కణాలపై (ఇవి రోగనిరోధక కణాలే) మనుషుల్లో ఆ ప్రోటీన్ ఉంటుంది, ఆ కోతుల్లో ఉండదు. తాళం ఒకటే, కానీ ఆ తాళం వేసిన తలుపులు వేరు. కోతి చెప్పిన జవాబు కోతి వరకు నిజమే. అది మనిషికీ వర్తిస్తుందనుకోవడంలోనే పొరపాటు జరిగింది.

ఈ ఒక్క ఉదంతంతో జంతు ప్రయోగాలన్నీ వృథా అని తేల్చేయకండి. 1940 మే 25న ఆక్స్‌ఫర్డ్‌లో హోవర్డ్ ఫ్లోరీ అనే శాస్త్రజ్ఞుడి బృందం ఎనిమిది చుంచెలుకలకు ప్రాణాంతకమైన బాక్టీరియాను ఎక్కించి, నాలుగింటికి మాత్రమే పెన్సిలిన్ ఇచ్చింది. తెల్లవారేసరికి మందు అందని నాలుగూ చచ్చిపడి ఉన్నాయి, తక్కినవి బతికి ఉన్నాయి. ఆ చిన్న ప్రయోగం వెనుక కోట్లాది ప్రాణాలు నిలిచాయి. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థలో పనిచేస్తుండగా, ఆయన బృందం తెచ్చిన, బోదకాలుకు వాడే డీఈసీ అనే మందు కూడా మొదట కాటన్ ర్యాట్ అనే ఎలుకల రక్తంలోని ఫైలేరియా పురుగు పిల్లలను తుడిచిపెట్టిన తర్వాతనే మనుషుల దాకా వచ్చింది. బోదకాలు ఉన్న జిల్లాల్లో నేటికీ ఇంటింటికీ తిరిగి పంచే మాత్రలు అవే.

ఈ రెండు చోట్లా మందు దెబ్బతీయవలసినది బయటినుంచి వచ్చిన క్రిమిని. క్రిమి ఎలుక ఒంట్లో ఉన్నా మనిషి ఒంట్లో ఉన్నా దాని స్వభావం పెద్దగా మారదు. మన శరీరపు సొంత ఏర్పాట్లనే మార్చవలసిన మందు అయితే, జాతికీ జాతికీ ఉన్న తేడా అంతా అడ్డు వస్తుంది. క్రిమిని చంపే మందులో కూడా ఈ తేడా ఒక్కోసారి బయటపడుతుంది: గినీ పందుల పేగుల్లోని మేలు చేసే బాక్టీరియాను పెన్సిలిన్ నాశనం చేసి వాటి ప్రాణమే తీస్తుంది. ఫ్లోరీ బృందం ఆనాడు వాటినే ఎంచుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించండి.

ఇక మీరు చదివిన కణితి సంగతి. ఇటువంటి ప్రయోగాల్లో చాలావాటిలో, రోగనిరోధక శక్తి లేకుండా పెంచిన ఎలుక చర్మం కింద మనిషి క్యాన్సర్ కణాలను నాటి, కొన్ని వారాల్లోనే కణితిని పెంచుతారు. మనిషిలో ఏళ్ల తరబడి, రోగనిరోధక వ్యవస్థతో పోరాడుతూ పెరిగిన కణితి వేరు. జంతువుల్లో గట్టెక్కి మనుషులపై పరీక్షకు వచ్చిన మందుల్లోనే పదింట దాదాపు తొమ్మిది ఆమోదం దాకా చేరవు. అందుచేత ఆ వార్తను నమ్మండి గాని, తేదీ మాత్రం అడగకండి.

బాధ గురించి అడిగిన వారికి నా అభిప్రాయం దాచకుండా చెబుతాను. మనిషికి వర్తించదని ముందే గ్రహించగలిగిన ప్రయోగానికి ఒక్క చుంచెలుకను బలిపెట్టినా అది అన్యాయమే. అందులో ఆ జీవికీ రోగికీ ఇద్దరికీ నష్టమే. అలా ముందే గ్రహించే దిశగా పని జరుగుతోంది. హెపటైటిస్ బి అనే కాలేయ జబ్బు కోసం తయారుచేసిన ఫియాలురిడిన్ అనే మందు ఎలుకల్లో, కుక్కల్లో, కోతుల్లో కాలేయానికి హాని చేయలేదు. 1993లో అమెరికాలో అది తీసుకున్న 15 మంది రోగుల్లో ఐదుగురు మరణించారు, మరో ఇద్దరు కాలేయ మార్పిడితో బతికారు. 2014లో, కాలేయంలో మానవ కణాలు పెరిగిన చుంచెలుకలకు అదే మందు ఇస్తే, ఆ విషప్రభావం స్పష్టంగా కనిపించింది. మానవ కణాలను పెంచిన చిప్‌లు అనే చిన్న పలకలపై, చిన్న కణ ముద్దల్లో మందును పరీక్షించే పద్ధతులూ వచ్చాయి. జంతువులకు బదులుగా వాటి ఫలితాలను చూపేందుకు అమెరికా 2022లో, మన దేశం 2023లో నిబంధనలు సవరించాయి. అయితే మందు కడుపులోంచి రక్తంలోకి, కాలేయంలోకి, మెదడులోకి చేరుతూ మారే తీరంతటినీ చూపగల చిప్ ఇంకా రాలేదు. అది వచ్చేదాకా, ఏ జంతువును ఎందుకు ఎంచుకున్నారో, అందులో మనిషితో కలిసేది ఏదో, కలవనిది ఏదో ప్రయోగానికి ముందే రాసి చూపాలని ప్రతి పరిశోధకుణ్ణీ అడగవలసిందే.

ఇట్లు,
మీ తాతయ్య