'నేషనల్' అని అచ్చేసినంత మాత్రాన అది స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్ అయిపోదు

మొన్న ఉదయం ఆరున్నరకి గ్రౌండ్‌లో ట్రాక్‌కి సున్నం గీతలు వేయిస్తున్నాను. గేటు దగ్గర బండి ఆపి ఒకాయన లోపలికొచ్చాడు, వెనకాలే ఇరవై ఏళ్ల కుర్రాడు. ఆయన చేతిలో బట్టల షాపు కవరు, అందులో ప్లాస్టిక్ ఫైలు. "సార్, మావాడు రెండు నేషనల్స్, ఒక ఇంటర్నేషనల్ ఆడాడండి, స్పోర్ట్స్ కోటాలో అప్లై చేస్తున్నాం, వీటి మీద మీ సంతకం కావాలంట" అన్నాడు. ఫైలు తెరిచాను. మూడు సర్టిఫికెట్లు, మూడింటికీ లామినేషన్ చేయించారు. మందపాటి కాగితం, బంగారు రంగు అంచు, మూలన మెరిసే స్టిక్కరు, మధ్యలో పెద్ద అక్షరాలతో 'నేషనల్ ఛాంపియన్‌షిప్'. కుర్రాడి పేరు బాల్ పెన్నుతో రాశారు. ఈవెంట్ దగ్గర 400 మీటర్లు అని ఉంది, ఎన్ని సెకన్లలో పరిగెత్తాడో లేదు. కింద ముగ్గురి సంతకాలున్నాయి, ఆ సంస్థకి ఎవరి గుర్తింపూ లేదు. మూడింటికీ కలిపి ఎంతయిందని అడిగితే ఆయన కాసేపు నేల చూసి, ఎంట్రీ ఫీజు, కిట్, ప్రయాణం అన్నీ కలిపి నలభై వేలు దాటిందన్నాడు. అప్పు తెచ్చి కట్టాడట.

నేను నాగార్జున యూనివర్సిటీ పరిధిలోని ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని. ఇలాంటి ఫైలు ఏడాదికి నాలుగైదు సార్లయినా నా ముందుకొస్తుంది. వచ్చిన ప్రతిసారీ కడుపు మండిపోతుంది, ఆ తండ్రి మీద కాదు, ఆయన నమ్మిన పుకారు మీద. అందుకే ఇవాళ ఇది రాస్తున్నాను. ఒక్క అపోహ గురించి గట్టిగా చెప్తాను, మిగతావి గబగబా ముగిస్తాను.

అపోహ: ఏదో ఒక 'నేషనల్' సర్టిఫికెట్ ఉంటే చాలు, స్పోర్ట్స్ కోటాలో పనికొస్తుంది. కాలేజీ, యూనివర్సిటీ పోటీలు చిన్నవి, వాటితో ఏమొస్తుంది?

సరిగ్గా తలకిందులు. కేంద్ర ప్రభుత్వ శాఖల్లో క్రీడాకారుల నియామకానికి 1980 ఆగస్టు 4న సిబ్బంది శాఖ ఇచ్చిన ఉత్తర్వు పునాది. తర్వాత ఎన్ని మార్పులు వచ్చినా అందులోని ఫారాల పద్ధతి నడుస్తూనే ఉంది. దేశానికి ఆడితే ఫామ్-1, దాని మీద జాతీయ ఫెడరేషన్ సెక్రటరీ సంతకం ఉండాలి. రాష్ట్రానికి ఆడితే ఫామ్-2, అది రాష్ట్ర సంఘం ఇస్తుంది. ఇంటర్ యూనివర్సిటీలో మీ యూనివర్సిటీకి ఆడితే ఫామ్-3, దాని మీద యూనివర్సిటీ క్రీడా విభాగం అధికారి సంతకం ఉండాలి. స్కూల్ నేషనల్స్‌కి ఫామ్-4. ఇప్పుడు ఆ బంగారు అంచు కాగితం ఇందులో ఎక్కడ పడుతుందో చూడండి. ఎక్కడా పడదు. ఫామ్-2 కావాలంటే ఆ రాష్ట్ర సంఘం గుర్తింపు ఉన్న జాతీయ ఫెడరేషన్ కింద ఉండాలి. ఆ గుర్తింపు ఉన్న ఫెడరేషన్ల జాబితాని కేంద్ర క్రీడల శాఖ తన వెబ్‌సైట్‌లోనే పెడుతుంది, ఫోన్‌లో ఐదు నిమిషాల పని. ఫీజు కట్టే ముందు ఆ ఐదు నిమిషాలు వెచ్చించమని చేతులు జోడించి అడుగుతున్నాను. పేరులో 'ఇండియా' ఉంటే గుర్తింపు ఉన్నట్టు కాదు. పక్క దేశానికి బస్సులో తీసుకెళ్లి రెండు రోజులు ఆడించి 'ఇంటర్నేషనల్' అని రాసిస్తే అది దేశానికి ఆడినట్టు కాదు. సెలక్షన్ లేకుండా, కేవలం డబ్బు కడితే టీంలో చోటిచ్చేవాడు మీకు అమ్మేది కాగితం మాత్రమే, ఆట కాదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది పోయిన డబ్బు కూడా కాదు, పోయిన సంవత్సరాలు. ఆ నాలుగు ఫారాల్లో ఫామ్-1, ఫామ్-2 అందరికీ అందేవి కావు. ఫామ్-4 వయసు స్కూల్‌తోనే అయిపోయింది. డిగ్రీ చదివే పిల్లలకి అందే దూరంలో ఉన్నది ఫామ్-3 ఒక్కటే. దానికి మెట్టు ఎక్కడుంది? మీ కాలేజీ గ్రౌండ్‌లో. కాలేజీ టీంలోకి రావాలి, ఇంటర్ కాలేజియేట్‌లో ఆడాలి, అక్కడ సెలక్షన్ కమిటీ కళ్లలో పడాలి, యూనివర్సిటీ టీంకి ఎంపికై క్యాంపుకి వెళ్లాలి, అక్కడినుంచి సౌత్ జోన్. భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం, అంటే అందరూ ఏఐయూ అనేది, దేశాన్ని నాలుగు జోన్లు చేసి చాలా ఆటలకి ముందు జోనల్, తర్వాత ఆల్ ఇండియా నడుపుతుంది. అథ్లెటిక్స్ అయితే నేరుగా ఆల్ ఇండియానే. మా కాలేజీలో ఈ దారిలో పిల్లల నుంచి ప్రత్యేకంగా ఎంట్రీ ఫీజు అంటూ తీసుకోం, బయటి ఊరు పంపితే టీఏ, డీఏ యూనివర్సిటీయే ఇస్తుంది. అంటే, ఊరికే దొరికే అసలుదాన్ని 'కాలేజీ లెవెల్' అని వదిలేసి, అప్పు చేసి నకిలీదాన్ని కొంటున్నాం. పైగా ఈ దారికి గడువుంది. ఏఐయూ పోటీలకి వయసు 25 దాటకూడదు, రెగ్యులర్ విద్యార్థి అయ్యుండాలి, దూరవిద్యలో చేరితే కుదరదు. డిగ్రీ అయ్యాక పీజీలో చేరి ఆడొచ్చు, మా దగ్గర అలా ఆడినవాళ్లున్నారు. కానీ డిగ్రీ పూర్తిచేసి ఏదో పనిలో చేరిపోయాక నా దగ్గరికొచ్చి ఏడిస్తే నేను చేయగలిగేది ఏమీ ఉండదు.

ఇంకో రెండు మాటలు ఇక్కడే చెప్పాలి. ఇంటర్ కాలేజియేట్ సర్టిఫికెట్ వేరు, ఇంటర్ యూనివర్సిటీ సర్టిఫికెట్ వేరు. మొదటిది యూనివర్సిటీ లోపలి పోటీ, దానికి ఫామ్-3 రాదు. అలాగే ఫామ్-3 వచ్చినంత మాత్రాన ఉద్యోగం చేతిలో పెట్టరు. కొన్ని నోటిఫికేషన్లలో టీంలో ఆడితే అర్హత వస్తుంది, రైల్వే లాంటి చోట ఏ స్థానం వచ్చిందో కూడా చూస్తారు, పైన ట్రయల్స్ ఉంటాయి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకి సర్టిఫికెట్ల ప్రాధాన్య క్రమం వేరు. నోటిఫికేషన్ మొత్తం చదవండి, వాట్సాప్‌లో వచ్చిన నాలుగు లైన్లు కాదు.

ఆడొచ్చాక ఫామ్-3 వెంటనే తీసుకోండి. నాలుగేళ్ల కింద సౌత్ జోన్ బాల్ బ్యాడ్మింటన్ ఆడిన ఒక అబ్బాయి, వెరిఫికేషన్ ఇంకో మూడు రోజులుందనగా ఫోన్ చేశాడు. ఆడిన ఏడాది ఫారం అడగాలని తెలియదు, నిర్వాహక యూనివర్సిటీ ఇచ్చిన సర్టిఫికెట్ ఇల్లు మారినప్పుడు పోయింది. ఇద్దరం కలిసి పాత టీం లిస్టు వెతికించి, రాత్రి ఎనిమిదింటికి సంతకం చేయించుకుని, అక్కడే బస్టాండ్‌లో వాడు బస్సెక్కాడు. అందరికీ అలా కుదరదు.

రాతకోతలు ఎంత ముఖ్యమో చెప్పడానికి మా యూనివర్సిటీ అమ్మాయి కంటే మంచి ఉదాహరణ లేదు. జ్యోతి యర్రాజీ. విశాఖపట్నంలో సెక్యూరిటీ గార్డు కూతురు, గుంటూరులో శిక్షణ తీసుకుంది, ఆచార్య నాగార్జున యూనివర్సిటీకి ఆడింది. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో జరిగిన ఆల్ ఇండియా ఇంటర్ యూనివర్సిటీలో 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరిగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 13.38, అది 2002 నుంచి ఉన్నది. అయినా ఆ పరుగు రికార్డుల్లోకి ఎక్కలేదు. అక్కడ డోప్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ ఫెడరేషన్ సాంకేతిక ప్రతినిధి లేడు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 చేస్తే వెనకనుంచి గాలి సెకనుకి 2.1 మీటర్లుందని అదీ పోయింది, పరిమితి 2.0. ఆ మే నెలలో సైప్రస్‌లో 13.23 చేశాకే రికార్డు ఆమె పేరు మీదికొచ్చింది. 2023లో చెంగ్డూ ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లో 12.78తో కాంస్యం. అంత నిజమైన పరుగుకే నియమం ప్రకారం జరిగిందా అని అన్ని ప్రశ్నలు అడిగారు, టైమింగే లేని కాగితాన్ని వెరిఫికేషన్‌లో ఎవరు ఒప్పుకుంటారు? ఆ పిల్ల చూపిన ఓపిక గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇక మిగతావి.

'యూనివర్సిటీ టీం అంటే క్యాంపస్ స్టూడెంట్స్‌కే.' కాదు. అనుబంధ కాలేజీల్లో చదివే ప్రతి రెగ్యులర్ విద్యార్థికీ సమాన హక్కుంది. అటానమస్ కాలేజీ వాళ్లకీ డిగ్రీ యూనివర్సిటీయే ఇస్తుంది కాబట్టి వాళ్లూ యూనివర్సిటీ టీంకే ఆడతారు. డీమ్డ్, ప్రైవేటు యూనివర్సిటీలకి మాత్రం సొంత టీంలుంటాయి. క్యాంపస్‌లో ఉన్నవాళ్లకి హాస్టల్ పక్కనే గ్రౌండ్ ఉంటుంది, సాయంత్రం సీనియర్లతో కలిసి ఆడతారు, ఆ లాభం నిజమే. అంతమాత్రాన పల్లెటూరి కాలేజీ నుంచి వచ్చినవాడికి తలుపు మూసేసినట్టు కాదు. మా కబడ్డీ టీంలో ఎప్పుడూ సగం మంది ఊళ్లలో ఆడి వచ్చినవాళ్లే.

'సెలక్షన్ అంతా రికమండేషనే.' టీం ఆటల్లో లిస్టు చివర, పద్నాలుగో పేరు దగ్గర గొడవలు జరుగుతాయి, నేనూ కమిటీల్లో కూర్చుని వాదించాను, లేదని అబద్ధం చెప్పను. కానీ స్టాప్‌వాచ్‌కీ టేపుకీ రికమండేషన్ పనిచేయదు. మంచి ఆటగాడు సెలక్షన్ రోజు రాకపోవడమే నేను ఎక్కువసార్లు చూసిన కారణం.

'ఆడితే అటెండెన్స్ పోయి పరీక్ష రాయనివ్వరు.' యూనివర్సిటీ తరఫున వెళ్లిన రోజులకి ఆన్ డ్యూటీ ఇస్తారు, అంటే హాజరైనట్టే లెక్క, వెళ్లే ముందే లెటర్ మీ డిపార్ట్‌మెంట్‌లో ఇవ్వాలి. తిరిగొచ్చి నెలయ్యాక ఇస్తే లెక్చరర్‌కి చిరాకు, మీకు టెన్షన్.

'ఇంజనీరింగ్‌లో స్పోర్ట్స్ కోటా ఈజీ సీటు.' కోటా అర శాతం, అంటే రెండు వందల సీట్లకి ఒకటి. దానికోసం ఇంటర్ చదువు పక్కనపెట్టి సర్టిఫికెట్లు పోగేయడం పిచ్చిపని.

'ఆడపిల్లల్ని అంత దూరం పంపితే ఎలా?' ఈ భయాన్ని నేనెప్పుడూ తేలిగ్గా తీసుకోను. మా దగ్గర అమ్మాయిల టీంతో మహిళా మేనేజర్ వెళ్తారు, ఆమె ఫోన్ నంబర్ ముందే తల్లిదండ్రులకి ఇస్తాం. ఒక ఖోఖో అమ్మాయి వాళ్లమ్మ రైలు కదిలేదాకా కిటికీ ఊచ వదల్లేదు. తర్వాతి ఏడాది చెల్లెల్ని కూడా ఆవిడే గ్రౌండ్‌కి తీసుకొచ్చి నాకు అప్పగించింది.

జిమ్‌లో ఎవరో ఇచ్చిన పౌడర్లు, ఇంజెక్షన్లు: వద్దు. ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌లో కూడా నాడా, అంటే జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ వాళ్లు వచ్చి డోప్ పరీక్షలు చేస్తారు. తెలియక వాడాను అంటే వదలరు.

ఆ కుర్రాడి సంగతి. తీరా అడిగితే మా కాలేజీలోనే బీకాం మూడో సంవత్సరం. రెండేళ్లుగా రోజూ ఈ గేటు ముందునుంచే క్లాసుకి వెళ్తున్నాడు, లోపలికి ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే ఆ సర్టిఫికెట్లు ఇప్పించినవాళ్లు 'కాలేజీ ఆటలు నీ లెవెల్ కాదు' అని చెప్పారట. సంతకం పెట్టనని చెప్పాను. తండ్రి ముఖం పాలిపోయింది. అయితే ఇంటర్ కాలేజియేట్ అథ్లెటిక్స్ ఇంకా జరగలేదు, వయసుంది, రెగ్యులర్ విద్యార్థే. ఒకసారి 400 మీటర్లు పరిగెత్తమన్నాను. వాడు ఫైలు తండ్రి చేతికిచ్చి, పాత కాన్వాస్ షూ లేసులు బిగించుకుని, సున్నం ఇంకా ఆరని రెండో లేన్‌లో నిలబడ్డాడు. చివరి వంద మీటర్లలో భుజాలు బిగుసుకుపోయాయి, మోకాళ్లు లేవడం మానేశాయి, పేసింగ్ ఎవరూ నేర్పలేదని చూడగానే తెలుస్తుంది. వాచ్ నొక్కి చూస్తే యాభై మూడు సెకన్ల లోపు. స్పైక్స్ లేకుండా, శిక్షణ లేకుండా.

తండ్రికి వాచ్ చూపించాను. ఆయనకి ఆ అంకె అర్థం కాలేదు. "దీనికి ఎంత కట్టాలి సార్?" అని అడిగాడు.

ఏమీ కట్టక్కర్లేదండీ, రేపటి నుంచి ఉదయం ఆరింటికి పంపండి, టెన్త్ మెమో, ఇంటర్ మెమో, బోనఫైడ్, రెండు ఫొటోలు కావాలి, పుట్టినతేదీకి టెన్త్ మెమోనే చూస్తారు కాబట్టి ఒరిజినల్ కూడా దగ్గర పెట్టుకోమనండి అన్నాను. మర్నాడు ఆరుకి పది నిమిషాల ముందే వాడు గేటు దగ్గరున్నాడు. మెమోలు తెచ్చాడు, ఫొటోలు మర్చిపోయాడు. ముందు నాలుగు రౌండ్లు మెల్లగా వేయమన్నాను.