దొరల పందిరి మంచం నుంచి మన సోఫా దాకా: బందరు అద్దకం కథ

ఈ మధ్య ఆన్‌లైన్లో 'కలంకారీ' అని చూసి నాలుగు దిండు గలేబులు తెప్పించాను. కొమ్మ మీద నెమలి, చుట్టూ తీగ, ముదురెరుపు పూలు. చూడముచ్చటగానే ఉన్నాయి. తిరగేసి చూస్తే వెనకంతా తెలుపు. పాలిస్టర్ గుడ్డ మీద మెషీన్ అచ్చు! కరక్కాయ నీళ్లలో ముంచిన నూలుగుడ్డ అయితే లోపలివైపు కూడా లేత పసుపు ఛాయ తేలుతుంది, ఎరుపూ నలుపూ వెనక్కి దిగుతాయి.

ఇప్పుడు ఆ నెమళ్లూ తీగలూ వాల్‌పేపర్ల మీదికీ, టైల్స్ మీదికీ, అల్మరా తలుపుల మీదికీ ఎక్కాయి. మా డిజైన్లు ఎత్తుకుపోయారని బందరు పక్కనున్న పెడన అద్దకం వాళ్లు అంటుంటే, పాత డిజైన్ ఎవరి సొత్తని డెకరేటర్లు అడుగుతున్నారు. ఈ తగాదా మూలాలు వెతికితే నాలుగు వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ఇంగ్లీషు కంపెనీ ఓడ 'గ్లోబ్' 1611లో నిజాంపట్నం, బందరు రేవులకు వచ్చింది. డచ్చివాళ్లు అంతకు ముందే దిగారు. మొదట్లో వీళ్లకు మన గుడ్డ మీద మోజేమీ లేదు. తూర్పు దీవుల్లో మిరియాలు, జాజికాయ కొనాలంటే అక్కడివాళ్లు అడిగేది మన తీరపు గుడ్డ, అందుకని కొన్నారు. తమ దేశానికి తీసుకెళ్లాక అసలు సంగతి తెలిసొచ్చింది. అప్పటి యూరప్‌లో గుడ్డ మీద బొమ్మ వేస్తే ఉతుక్కు పోయేది. మన చీటిగుడ్డ ఉతికేకొద్దీ నిగ్గు తేలేది. ఇంగ్లీషువాళ్లు 'చింట్జ్' అన్నది దీన్నే. పందిరి మంచానికి పరిచే, వేలాడదీసే పెద్ద గుడ్డను 'పాలంపోర్' అన్నారు. అది 'పలంగ్‌పోష్' అనే మాటకు వచ్చిన వంకర. పలంగ్ అంటే మంచం, పోష్ అంటే కప్పేది.

ఇక్కడ డెకరేటర్ల మాటలోనూ కొంత నిజముంది. 1643లో లండన్ నుంచి సూరత్‌లోని కంపెనీ కొఠీకి, అంటే వర్తక స్థావరానికి, ఒక ఉత్తరం వెళ్లింది. మీరు పంపే పరుపు గుడ్డలు ఎర్ర నేల (బొమ్మ వెనక అడుగు రంగు) మీద దిగులుగా ఉంటున్నాయి, అందరికీ నచ్చట్లేదు, ఇకమీద తెల్ల నేల ఎక్కువ పెట్టి మధ్యలో రంగుల పూలూ కొమ్మలూ వేయించండి అని దాని సారాంశం. తర్వాత నమూనాలూ పంపారు. గుట్ట మీంచి మెలికలు తిరుగుతూ లేచే ఆ 'జీవవృక్షం' అలా రూపు దిద్దుకుంది. గుట్టలో చైనా ఛాయ, చెట్టులో పర్షియా వాసన, ఆకుల్లో ఇంగ్లీషు కుట్టుపని. అచ్చంగా మనదని గుండెలు బాదుకోవడానికి వీల్లేదు. నా మట్టుకు నాకు అందులోనే అందం కనిపిస్తుంది.

అయితే ఉత్తరంలో రాసి పంపలేనిది ఒకటుంది, రంగు. కోరా గుడ్డను ఉడకబెట్టి, ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల రంగు అటూ ఇటూ పాకదు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో రోజుల తరబడి పులియబెడితే వచ్చే కషాయం కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది. ఎరుపు దగ్గర ఇంకా వింత. అచ్చుతో గానీ కలంతో గానీ అద్దేది ఎర్ర రంగును కాదు, పటిక నీళ్లను. పారే నీటిలో జాడించి, చిరువేరు అనే మొక్క వేళ్లతో కాగులో ఉడికించినప్పుడే పటిక తగిలిన చోట ఎరుపు పలుకుతుంది. నీలానికైతే, నీలం అక్కర్లేని జాగా మొత్తాన్ని మైనంతో కప్పి తొట్టిలో ముంచేవారు. మంచమంత గుడ్డకు ఎంత మైనం, ఎన్ని చేతులు!

ఈ గుడ్డ మీద మోజు ముదిరి అక్కడి నేతగాళ్ల పొట్ట కొట్టింది. ఫ్రాన్స్ 1686లో నిషేధించింది, 1759 దాకా ఎత్తెయ్యలేదు. లండన్‌లో 1719లో నేతగాళ్లు వీధుల్లో కాలికో (అద్దకం నూలుగుడ్డ) కట్టుకున్న ఆడవాళ్ల మీద పడి బట్టలు చింపారు. 1721లో వచ్చిన ఇంగ్లీషు నిషేధ చట్టం కట్టుకునే బట్టతో ఆగలేదు. మంచం, కుర్చీ, దిండు, కిటికీ పర్దా అంటూ ఇంట్లో వాడే వాటినీ కలిపింది.

ఆ నిషేధం ఇంగ్లీషు నాటక నటుడు డేవిడ్ గ్యారిక్ పడగ్గదిలోకీ వచ్చింది. కలకత్తా వర్తకులు ఆయనకు కోరమాండల్ తీరపు చీటిగుడ్డ తెరలు కానుకగా పంపితే 1775లో సుంకం అధికారులు పట్టుకున్నారు. ఆయన మొరపెట్టుకుంటూ ఉత్తరం రాశాడు. ఆ తెరలు కట్టాల్సిన మంచం, పేరుమోసిన ఫర్నిచర్ పనివాడు చిప్పెండేల్ చేసింది, ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

నిషేధాల చాటున నకలు పని సాగింది. 1742లో కేర్దూ అనే ఫ్రెంచి జెస్యూట్ ఫాదరీ, తన దగ్గర మతం పుచ్చుకున్న అద్దకం వాళ్లను అడిగి ఈ పనంతా పూసగుచ్చినట్టు రాసి పంపాడు. తెలుగు నేర్చి నిఘంటువు కూర్చిన మనిషే ఈయన! 1760లో పారిస్ దగ్గర జూయీలో ఓబర్‌కాంఫ్ అద్దకం కార్ఖానా పెట్టాడు. కొంతకాలానికి ఆ ఊరి పేరు మీదే ఒక గుడ్డ ప్రపంచమంతా పరదా అయింది.

ఇక్కడ 1864 నవంబరులో ఉప్పెన బందరును ముంచేసింది, దాదాపు ముప్ఫై వేల మంది పోయారు. చిరువేరులో ఎరుపునిచ్చే పదార్థం అలిజరిన్. దాన్ని 1868లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో తయారు చేయడంతో కొన్నేళ్లకే బజారులోకి వచ్చింది. ఇక చిరువేరు తవ్వేవాళ్లకు పనేముంది? ఇరాన్ బేరం ఉండబట్టి బందరు అచ్చులు ఇంకొంతకాలం ఆడాయి. స్వాతంత్ర్యం తర్వాత చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ లాంటి వాళ్ల చొరవతో ఈ పనికి మళ్లీ ఊపిరొచ్చింది. ఇప్పుడు ఎక్కువగా పెడనలో కనిపిస్తుంది. అక్కడా చాలా కాగుల్లో పడేది ప్యాకెట్ అలిజరినే. పసుపుకు మాత్రం కరక్కాయ పువ్వు వాడేవాళ్లున్నారు.

టేకు అచ్చు మీద అచ్చు కలిసే చోట గీత వెంట్రుకవాసి తప్పుతుంది. ఏ ఇద్దరి చేతా ఒకేలా తప్పదు. ప్రింటింగ్ మెషీన్లకు ఇప్పుడు ఆ తప్పును కూడా నేర్పుతున్నారు. నకలు గుడ్డ ఏ నెలలోనైనా తయారవుతుంది. పెడనలో మాత్రం వేసవికి కృష్ణా కాలువలు కట్టేశారంటే, గుడ్డ జాడించడానికి నీళ్ల కోసం వెతుక్కోవాల్సిందే.