ప్లాట్లంటే అమరావతి ప్లాట్లు కాదండీ: హార్డ్‌డిస్క్ ఫార్మింగ్ మీద అపోహలు - వాస్తవాలు

గుంటూరు అరండల్‌పేటలో నాది కంప్యూటర్ సర్వీసింగ్ షాపు. 2021లో ఒకసారి ఫోన్‌లో "ఇవాళ పన్నెండు ప్లాట్లయ్యాయి" అంటుంటే, ప్రింటర్ రిపేరుకొచ్చిన పెద్దాయన విని "ఏ వెంచర్ బాబూ, గజం ఎంత పడింది?" అని అడిగారు. మా వైపు ప్లాటంటే అదే మరి.

నేను మాట్లాడింది చియా గురించి. బిట్‌టొరెంట్ తయారుచేసిన బ్రామ్ కోహెన్ మొదలుపెట్టిన క్రిప్టో ఇది, 2021 మార్చి 19న నెట్‌వర్క్ మొదలైంది. బిట్‌కాయిన్‌లో అయితే మెషిన్లు రాత్రింబవళ్లు లెక్కలు చేస్తూనే ఉంటాయి. ఇక్కడ ఆ లెక్కలేవో ముందే ఒకసారి చేసేసి, జవాబులన్నీ పెద్ద ఫైళ్లుగా హార్డ్‌డిస్కులో దాచుకుంటాం. ఆ ఫైలే ప్లాటు. తొమ్మిది సెకన్లు దాటగానే నెట్‌వర్క్ నుంచి ఒక ప్రశ్న వస్తుంది, దానికి సరిపోయే జవాబు మన డిస్కులో దొరికితే కాయిన్ మనది. దీన్నే ఫార్మింగ్ అంటారు. లాటరీ టికెట్లు బీరువాలో పెట్టుకున్నట్టే, ఎంత బీరువా ఉంటే అన్ని టికెట్లు.

అపోహ: పవర్‌ఫుల్ సిస్టమ్ ఉంటే ఎక్కువ కాయిన్లు వస్తాయి

నా దగ్గరికొచ్చే వాళ్లలో సగం మంది ఐ9 ప్రాసెసర్, 128 జీబీ ర్యామ్ అని కొటేషన్ రాయించుకుని వస్తారు, అదేమో గేమింగ్ పీసీ లిస్టు. ప్లాట్లు తయారుచేయడం వేరు, వాటిని పెట్టుకుని ఫార్మింగ్ చేయడం వేరు. ప్లాటింగ్ అంటే దుక్కి దున్నడం, దానికి ప్రాసెసర్, ర్యామ్, వేగమైన ఎస్‌ఎస్‌డీ కావాలి. కానీ అది కొన్ని రోజుల పని, డిస్కులు నిండాక ఆ మెషిన్‌కు పనే ఉండదు. అరెకరం దున్నడానికి ట్రాక్టర్ కొంటామా? గంటకింత అని ఇచ్చి దున్నించుకుంటాం. ఇక్కడా అంతే, తెలిసినవాళ్ల మెషిన్ నాలుగు రోజులు అడిగి తీసుకోండి, లేదా ఉన్న పీసీతోనే నెమ్మదిగా చేసుకోండి. ప్లాట్లు మామూలువైతే తర్వాత రాస్‌ప్బెర్రీ పై 4 లాంటి చిన్న బోర్డు కూడా ఫార్మింగ్ చేసిపెడుతుంది.

నేను మాత్రం ట్రాక్టర్ కొన్నాను. పైగా చవకరకం ఎన్‌వీఎమ్‌ఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీ రకం) వేశాను. అప్పటి పాత ప్లాటర్ (ప్లాట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఒక్క ప్లాటుకు ఒకటిన్నర టెరాబైట్ అటూ ఇటూగా ఎస్‌ఎస్‌డీ మీద రాసేది. 600 టెరాబైట్ల రాతకు గ్యారంటీ ఉన్న డ్రైవ్ ఈ లెక్కన నాలుగొందల ప్లాట్లకే అయిపోతుంది. నాది చవకరకం కాబట్టి అంతకన్నా ముందే చచ్చింది, వారంటీకి పంపితే ఎక్కువ వాడేశారని తిప్పి పంపారు, వాళ్లదీ తప్పు కాదులెండి.

"మరి ప్లాట్లు కూడా ఎస్‌ఎస్‌డీలోనే పెడితే?" అవసరం లేదు. ప్రతి ప్రశ్నకు అన్ని ప్లాట్లూ వెతకరు, ముందు ఫిల్టర్‌లో చాలావరకు పోతాయి, మిగిలిన ఒక్కోదాంట్లో కొన్ని చోట్ల చదివితే చాలు. జవాబుకు సెకన్ల టైమ్ ఉంది. యూఎస్‌బీ ఎక్స్‌టర్నల్ డిస్కయినా సరిపోతుంది. ఒక్క బ్లాక్‌చెయిన్ డేటాబేస్ (నెట్‌వర్క్ లావాదేవీలన్నీ ఉండే చిట్టా) మాత్రం ఎస్‌ఎస్‌డీలో పెట్టండి, అది వంద జీబీ దాటి పెరిగింది, హార్డ్‌డిస్కులో పెడితే సింక్ అవడానికి ఏడిపిస్తుంది.

అపోహ: 18 టీబీ కొంటే 16.3 చూపిస్తోంది, షాపువాడు మోసం చేశాడు

ఈ గొడవ మా కౌంటర్ దగ్గర మామూలే. డిస్కు కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది, ఎక్కడికీ పోలేదు. మామూలు సైజు ప్లాటు (దాన్ని కే32 అంటారు) ఒకటి కంపెనీ లెక్కలో దాదాపు 109 జీబీ, అంటే ఆ డిస్కులో 165 పడతాయి. అసలు పోగొట్టుకునేది ఇంకోచోట. లినక్స్‌లో ఈఎక్స్‌టీ4 అనే పద్ధతిలో ఫార్మాట్ చేస్తే మామూలుగా 5 శాతం రూట్ (సిస్టమ్ అడ్మిన్) కోసం పక్కన పెట్టేస్తుంది. 18 టీబీలో అది 900 జీబీ, ఎనిమిది ప్లాట్లు! ఫార్మాట్ చేసేటప్పుడే ఆ రిజర్వ్ సున్నా చేసుకోండి. ఇది తెలియక నేను రెండు నెలలు పదకొండు డిస్కులు అలాగే నడిపాను.

రెయిడ్ (ఒక డిస్కు పోయినా డేటా మిగిలేలా కొన్ని డిస్కులు కలిపి పెట్టడం) కూడా వద్దు. డిస్కు పోతే పోయింది, ఆ ప్లాట్లు మళ్లీ చేసుకోవచ్చు, అవేమీ పెళ్లి వీడియోలు కావు. రాయడానికి నెమ్మదని అందరూ తిట్టే ఎస్‌ఎమ్‌ఆర్ డిస్కులు కూడా ఇక్కడ నడుస్తాయి, ఒకసారి రాశాక చదవడమే కదా. సెకండ్ హ్యాండ్ డిస్కులైతే స్మార్ట్ రిపోర్ట్‌లో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే చెప్పే లెక్క) రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్లు, అంటే పాడైన, పాడవుతున్న చోట్లు ఎన్నో చూడకుండా డబ్బులివ్వకండి. ఎన్ని గంటలు తిరిగిందన్నది ఆ తర్వాత చూడొచ్చు.

అపోహ: కరెంటు ఖర్చే ఉండదు

బిట్‌కాయిన్‌తో పోలిస్తే తక్కువే, సున్నా మాత్రం కాదు. ఒక్కో 3.5 అంగుళాల డిస్కు ఏడు వాట్లనుకోండి, పది డిస్కులు 70, చిన్న పీసీ 40, మొత్తం 110 వాట్లు. రోజుకు 2.64 యూనిట్లు, నెలకు దగ్గర దగ్గర 80. ఇవి ఇంటి వాడకం మీద వచ్చి పడతాయి కాబట్టి పై స్లాబు రేటులో లెక్కేసుకోండి.

ఇంకో సంగతి, డిస్కు స్టార్ట్ అయ్యే క్షణంలో పాతిక వాట్ల దాకా లాగుతుంది. పది ఒకేసారి లేస్తే చవక ఎస్‌ఎమ్‌పీఎస్ (పీసీ పవర్ సప్లై) చేతులెత్తేస్తుంది. డిస్కుకు కరెంటిచ్చే వైరును పాత మోలెక్స్ పిన్ను నుంచి సాటా పిన్నుకు మార్చే, ప్లాస్టిక్ అచ్చుపోసిన చవక కన్వర్టర్లు కరిగి మంటలంటుకున్న సందర్భాలున్నాయి, వాటిని దగ్గరికి రానివ్వకండి.

ఇక మన ఎండలు. బెజవాడ మే నెల గురించి కొత్తగా చెప్పేదేముంది, గదిలోనే 40 ఉంటే గాలాడని డిస్కు సులువుగా 55 దాటుతుంది, చాలా డిస్కులకు కంపెనీ చెప్పే హద్దు 60. డిస్కుకూ డిస్కుకూ మధ్య వేలు పట్టేంత సందు, ఎదురుగా ఒక 12 సెంటీమీటర్ల ఫ్యాను, అంతే చాలు, ఏసీ అక్కర్లేదు. ఒక కుర్రాడైతే "అన్నా, మా నాన్న మిర్చి టిక్కీలు పెట్టే కోల్డ్ స్టోరేజీలో పెడితే?" అన్నాడు. తేమకు సర్క్యూట్ బోర్డు ఏమవుతుందో చెప్పి పంపాను. విజయవాడలో గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లకైతే వేరే చెప్పక్కర్లేదు, 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్‌ ఏమైందో చూశాం కదా, డిస్కులు అటక మీదే ఉండాలి.

సాఫ్ట్‌వేర్ సంగతి

2023 నుంచి కంప్రెస్డ్ ప్లాట్లు వచ్చాయి, అదే డిస్కులో ఎక్కువ పడతాయి, నిజమే. కానీ ప్రతిసారీ విప్పి చదవాలి, కంప్రెషన్ పెరిగేకొద్దీ గ్రాఫిక్స్ కార్డు కావాలి, దాని కరెంటు కావాలి. వీటిని చేసే సాఫ్ట్‌వేర్లలో బ్లేడ్‌బిట్ చియా వాళ్లదే. గిగాహార్స్ ఇంకా చిన్నగా నొక్కుతుంది, కానీ డెవలపర్ ఫీజు తీసుకుంటుంది, ఆ ప్లాట్లు దాని సాఫ్ట్‌వేర్‌తోనే నడుస్తాయి. పైగా కొత్త ప్లాట్ ఫార్మాట్ తెస్తున్నామని చియా వాళ్లే చెప్పారు, అంటే మళ్లీ దున్నాల్సిందే. నా మట్టుకు నేను తక్కువ కంప్రెషన్‌తోనే ఉన్నాను. ఏ సాఫ్ట్‌వేర్ అయినా మెయిన్ వాలెట్ 24 పదాలు (వాలెట్‌ను తెరిచే రహస్య తాళం) అడిగితే ఆగండి, ఫార్మింగ్‌కు వేరే కీ, డబ్బుకు వేరే వాలెట్.

డబ్బులా? నెట్‌వర్క్ మొత్తానికి రోజుకు దాదాపు 4608 బ్లాకులు, అంటే అన్ని బహుమతులు, బ్లాకుకు మొదట 2 కాయిన్లు, 2024 మార్చి నుంచి 1. 2021 మేలో వెయ్యి డాలర్ల పైనున్న కాయిన్ తర్వాత రెండంకెలకు పడింది. అమ్మితే లాభం మీద 30 శాతం పన్ను. మైనింగ్ సామాన్ల ఖర్చు కొనుగోలు ఖర్చులోకి రాదని 2022లోనే కేంద్రం పార్లమెంటులో చెప్పింది కాబట్టి డిస్కులు, కరెంటు చూపించి తగ్గించుకుందామంటే కుదరదు.

అందుకే నన్నడిగితే, రేపు మానేసినా అమ్ముడుపోయే డిస్కులే కొనమంటాను. నా ట్రాక్టర్‌ను ఇప్పటిదాకా ఎవరూ సగం రేటుకు కూడా అడగలేదు. డిస్కులైతే బ్రాడీపేటలో పెళ్లి వీడియోలు తీసే తమ్ముడు ఇప్పటికి రెండు పట్టుకెళ్లాడు, శ్రావణం ముహూర్తాల్లోపు మూడోది కావాలంటున్నాడు.